పగడాల తొట్టిలో చేపలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి, ఒక్క కళేబరమూ దొరకడం లేదు

ముత్యపుచిప్ప:

అందరికీ నమస్కారం. గడిచిన ఏడు వారాల్లో నా ఉప్పునీటి తొట్టిలోంచి ఐదు చేపలు ఒకదాని వెంట ఒకటి కనిపించకుండా పోయాయి. ఒక్కదాని కళేబరం గానీ, ముల్లు గానీ, పొలుసు గానీ దొరకలేదు. చేప జబ్బుపడి కళ్ళముందే చనిపోతే కనీసం కారణం వెతుక్కోవచ్చు. ముందు రోజు సాయంత్రం అద్దం దాకా వచ్చి మేత తిన్న చేప తెల్లవారేసరికి లేకుండా పోతే ఏమనుకోవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

వివరాలు చెబుతాను. తొట్టి పొడవు 120, వెడల్పు 50, ఎత్తు 50 సెంటీమీటర్లు, అంటే సుమారు 300 లీటర్లు. పద్నాలుగు నెలలుగా నడుస్తోంది. ఉష్ణోగ్రత 25.5 డిగ్రీలు, లవణీయత లీటరుకు 35 గ్రాములు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 8. వెనుక మూలలో ఉన్న ఓవర్‌ఫ్లో గదిలోంచి నీరు కింద సంప్ అనే చిన్న తొట్టిలోకి వెళ్ళి, పంపు ద్వారా తిరిగి పైకి వస్తుంది. పైన సన్నని వల మూత ఉంది. పగడాల్లో జోయాంథిడ్‌లు, టార్చ్, హామర్, ఒక లెదర్ కోరల్ ఉన్నాయి. తొట్టిని శుభ్రం చేయడానికి నసారియస్ నత్తలు, టర్బో నత్తలు, హెర్మిట్ పీతలు, ఒక ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్ (నడుమ బిళ్ళ, చుట్టూ ఐదు సన్నని చేతులు ఉన్న నక్షత్రం లాంటి జీవి), రెండు క్లీనర్ రొయ్యలు ఉన్నాయి.

మొదట ఫైర్ ఫిష్ పోయింది. ఆ తరువాత పది రోజుల తేడాతో మూడు నీలి క్రోమిస్‌లలో రెండు పోయాయి. తరువాత పసుపుపచ్చని వాచ్‌మన్ గోబీ. ఎడమ వైపు రాళ్ళ కింద తాను తవ్వుకున్న బొరియ విడిచి అది ఎన్నడూ రెండు జానల దూరం పోలేదు. కిందటి వారం రాయల్ గ్రామా కనిపించకుండా పోయింది. ప్రస్తుతం రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక ఎల్లో టాంగ్, ఒక సిక్స్ లైన్ రాస్, మిగిలిన ఒక్క క్రోమిస్ ఉన్నాయి. వీటి ఒంటిమీద మచ్చలు లేవు, శ్వాస వేగంగా లేదు, అన్నీ చక్కగా తింటున్నాయి.

నా అనుమానం ఒక రాయి మీద ఉంది. తొమ్మిది వారాల క్రితం, తొట్టి తీసేస్తున్న ఒక పరిచయస్తుల దగ్గర జోయాంథిడ్‌లు దట్టంగా పెరిగిన పెద్ద లైవ్ రాక్ (చిన్న జీవాలు కాపురముండే రంధ్రాల సముద్రపు రాయి) ఒకటి తీసుకున్నాను. అది పెట్టిన రెండు వారాలకే మొదటి చేప పోయింది. పైగా ఒక రాత్రి టార్చి వేసి చూస్తే గులాబీ రంగు పురుగు ఒకటి, వేలి కంటే పొడవుగా, ఆ రాతి రంధ్రంలోకి చటుక్కున వెనక్కి జరిగింది. ఆ రాయిని బయటికి తీసి, లోపల ఏమున్నా చచ్చిపోయేలా నీళ్ళలో మరగబెట్టి తిరిగి పెడదామని అనుకుంటున్నాను. అది సరిపోతుందా, లేక మొత్తం రాళ్ళన్నీ విప్పవలసి వస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

రాత్రిదీపం:

మిగతా సంగతులన్నీ తరువాత, ముందు ఈ ఒక్క మాట వినండి. ఆ రాయిని దయచేసి మరగబెట్టకండి. మీరు దాని మీద జోయాంథిడ్‌లు ఉన్నాయని రాశారు. జోయాంథిడ్‌లలో, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. ఈ విషాన్ని 1971లో హవాయిలో దొరికిన పాలిథోవా నుంచి వేరుచేశారు. ప్రకృతిలో దొరికే అత్యంత తీవ్రమైన విషాలలో ఇది ఒకటి. వేడి చేస్తే ఇది నశించదు, ఆవిరితో పాటు గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇలాంటి రాళ్ళను వంటింట్లో ఉడికించిన కారణంగా ఇంటిల్లిపాదీ ఊపిరాడక, జ్వరంతో, కళ్ళ మంటలతో ఆసుపత్రి పాలైన సందర్భాలు ఒకటి కంటే ఎక్కువే నమోదయ్యాయి. పెంపుడు జంతువులకూ ఇదే ప్రమాదం. వేడినీళ్ళు పోయడం, బ్రష్షుతో గట్టిగా రుద్దడం, ఎండిన తరువాత గీకడం కూడా వద్దు. ఆ రాయిని ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. చేతిమీద చిన్న గాయం ఉన్నా ఆ పని వాయిదా వేసుకోండి.

ఇక పురుగు సంగతి. మీరు చూసినది బ్రిస్టిల్ వార్మ్ అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. ఎంతో కొంత లైవ్ రాక్ ఉన్న దాదాపు ప్రతి తొట్టిలోనూ అవి వందలుగా ఉంటాయి. మిగిలిన మేతను, చచ్చినవాటిని తిని బతుకుతాయి. ఆరోగ్యంగా ఉన్న చేపను పట్టే శక్తి వాటికి లేదు. చచ్చిన చేప మీద అవి గుంపుగా కనిపించేసరికి అవే చంపాయని చాలామంది పొరబడతారు. చేపలను పట్టి తినేది వేరే కుటుంబం, యూనిస్ పురుగులు. వాటిలో పెద్దది బాబిట్ వార్మ్, సముద్రంలో అది 3 మీటర్ల దాకా పెరుగుతుంది. 2009 మార్చిలో ఇంగ్లండులోని న్యూకీ పట్టణపు బ్లూ రీఫ్ అక్వేరియంలో, కొన్నాళ్ళుగా పగడాలు తెగిపడుతూ చేపలు గాయపడుతుంటే, ఉచ్చులు పన్ని ప్రయోజనం లేక చివరికి రాళ్ళన్నీ విప్పారు. సుమారు 4 అడుగుల పొడవున్న అలాంటి పురుగు ఒకటి బయటపడింది. కాబట్టి మీ భయం అర్థం లేనిది కాదు, కానీ గుర్తులు చూసుకున్న తరువాతే నిర్ధారణకు రావాలి.

తేడా ఇలా తెలుస్తుంది. బ్రిస్టిల్ వార్మ్‌కు ఒంటికి రెండు పక్కలా, తల నుంచి తోక వరకు, తెల్లని నూగు కుచ్చులు వరుసగా కనిపిస్తాయి. యూనిస్ పురుగుకు ఆ కుచ్చులు అంతగా కనిపించవు. ఒళ్ళు నున్నగా, కాంతి పడితే నూనె తెట్టు మీద కనిపించే రంగులతో మెరుస్తుంది, తలమీద ఐదు మీసాలు స్పష్టంగా ఉంటాయి. దీపాలు ఆరిన రెండు గంటల తరువాత, టార్చి అద్దానికి ఎర్రని పారదర్శక కాగితం చుట్టి, ఆ రంధ్రం దగ్గర చిన్న రొయ్య ముక్క ఉంచి, కదలకుండా కూర్చుని చూడండి. తెల్లని వెలుతురు పడగానే ముడుచుకునే జీవాలు చాలావరకు ఎర్రని వెలుతురును అంతగా పట్టించుకోవు. పురుగు ఏదైనా సరే, ఉత్త చేత్తో ముట్టుకోకండి. ఆ నూగు చర్మంలో దిగితే రోజుల తరబడి మంట పెడుతుంది.

ముత్యపుచిప్ప:

మీ హెచ్చరికకు ఎంతగానో కృతజ్ఞతలు. ఈ ఆదివారమే ఆ పని చేయాలని గిన్నె కూడా తీసి ఉంచాను. మా ఇంట్లో వయసు మళ్ళినవారు ఉన్నారు. ఏమై ఉండేదో తలచుకుంటేనే భయం వేస్తోంది. రాయి తొట్టిలోనే ఉంది, ముట్టుకోలేదు. ఈ రాత్రే మీరు చెప్పినట్టు చూస్తాను.

ఇసుకగవ్వ:

రాత్రిపూట తొట్టిలోంచి గోటితో అద్దం మీద కొట్టినట్టు టక్కుమనే చప్పుడు వినిపిస్తోందా? వినిపిస్తే గుల్లలు పగలగొట్టి వేటాడే మాంటిస్ రొయ్యను అనుమానించాలి. అది కూడా లైవ్ రాక్ రంధ్రాల్లోనే దాక్కుని వస్తుంది. పిస్టల్ రొయ్య కూడా అలాంటి చప్పుడే చేస్తుంది గానీ, దానివల్ల చేపలకు ప్రమాదం దాదాపు లేదు. కొన్ని గోబీలైతే దానితో ఒకే బొరియలో కాపురం ఉంటాయి. మాంటిస్ ఉంటే నత్తల, పీతల గుల్లలు పగిలిన ముక్కలు కూడా ఒకచోట పోగుపడి కనిపించాలి. అవి లేకపోతే దాని సంగతి వదిలేయండి.

నీలిఅల:

ముత్యపుచిప్ప గారూ, నేను ఇరవై ఏళ్ళకు పైగా పగడాల తొట్లు పెంచుతున్నాను. మీ ప్రశ్న చదవగానే ఒక విషయం నాకు తట్టింది. ఐదు చేపలు పోయాయి కాబట్టి వాటి వెనుక ఒకే హంతకుడు ఉన్నాడని మీరు ముందే తీర్మానించుకున్నారు. అందుకే కొత్తగా వచ్చిన రాయి మీదకు మనసు పోయింది. ఒక్కో చేపను విడిగా తీసుకుని, ఆ జాతి స్వభావం ఏమిటి, అది ఎక్కడ నిద్రపోయేది, ఏ పూట మాయమైంది అని అడగండి. ఐదింటికీ ఒకే జవాబు వస్తే అప్పుడు రాయి విప్పుదాం.

ముందుగా కళేబరం ఎందుకు దొరకదో చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టినది అదే. వేలెడంత చేప రాత్రి తొలి జాములో చనిపోతే, 25 డిగ్రీల నీటిలో, మీ తొట్టిలో ఉన్నన్ని నత్తలు, హెర్మిట్ పీతలు, పురుగులు ఉన్నచోట, తెల్లవారేసరికి ఏమీ మిగలకపోవడం సహజం. నసారియస్ నత్తలు ఇసుకలో పూర్తిగా కూరుకుని ఉంటాయి. మాంసం వాసన తగిలిన నిమిషంలోపే ఇసుక కదిలి తొండాలు పైకి లేస్తాయి. మీరే ఒక మేత ముక్క వేసి చూడండి. 300 లీటర్ల నీటిలో, లైవ్ రాక్ బాగా ఉన్నచోట, చిన్న చేప చనిపోయినా అమ్మోనియా పరీక్షలో సున్నాయే చూపవచ్చు. కాబట్టి కళేబరం లేకపోవడాన్ని ఏదో పట్టి తిన్నదనడానికి రుజువుగా తీసుకోలేము, నీటి పరీక్ష బాగుండడాన్ని ఏ చేపా చావలేదనడానికి రుజువుగానూ తీసుకోలేము.

ఫైర్ ఫిష్‌తో మొదలుపెడదాం. తొట్టిలోంచి దూకే చేపల్లో అది ముందు వరుసలో ఉంటుంది. మీ దగ్గర సిక్స్ లైన్ రాస్ ఉంది. చిన్నదే అయినా తన ప్రాంతం అనుకున్న చోటికి ఎవరినీ రానివ్వదు, ముఖ్యంగా ఫైర్ ఫిష్ లాంటి పిరికి చేపలను తరిమి తరిమి కొడుతుంది. వల మూత ఉందన్నారు సరే, పైపులు, తీగలు దిగే మూలలో ఖాళీ ఎంత ఉంది? రెండు వేళ్ళు పట్టే ఖాళీ ఉంటే ఫైర్ ఫిష్‌కు అది తలుపే. తొట్టి బల్ల వెనుక, గోడకు బల్లకు మధ్య, సంప్ చుట్టూ దీపం వేసి వెతకండి.

క్రోమిస్‌ల సంగతి వేరు. మూడు, ఐదు, ఏడు అని గుంపుగా తెచ్చిన క్రోమిస్‌లు నెలలు గడిచేకొద్దీ ఒకటి తగ్గి ఒకటి తగ్గి చివరికి ఒకటో రెండో మిగలడం ఈ హాబీలో ఎంత మందికి అనుభవమో లెక్కలేదు. సముద్రంలో వందల గుంపులో పంచుకునే దెబ్బలు తొట్టిలో అన్నిటికన్నా బలహీనమైన ఒక్కదాని మీదే పడతాయి. అది మూలకు చేరి, మేత మానేసి, ఒక రాత్రి పోతుంది. తరువాత వంతు ఇంకొకదానిది. మీ మూడింటిలో రెండు పోయి ఒకటి నిక్షేపంగా ఉండడం దీనికి సరిపోతుంది.

గ్రామా విషయంలో మాత్రం ఆశ వదులుకోకండి. అది గుహల్లో తలకిందులుగా అతుక్కుని ఉండే చేప. ఒక్క వారమే అయింది కదా. ఓవర్‌ఫ్లో గదిలో, సంప్‌లో, ఫిల్టరు సంచిలో చూశారా? ఓవర్‌ఫ్లో అంచున ఉండే దువ్వెన పళ్ళ మీదుగా జారిపడిన చేపలు ఆ చీకటి గదిలో, నీటితో కొట్టుకొచ్చే మేత తింటూ వారాల తరబడి బతికి ఉండడం నేను రెండుసార్లు చూశాను.

జబ్బును కూడా ఒకసారి తలచుకోవాలి గనుక చెబుతున్నాను. వెల్వెట్ లాంటిది వస్తే కొద్ది రోజుల్లోనే తొట్టి మొత్తం ఖాళీ అవుతుంది. ఏడు వారాలు తీరిగ్గా ఒక్కొక్కటి పోవడం, మిగిలినవి ఒంటిమీద చుక్క లేకుండా ఉండడం దాని తీరు కాదు. అనుమానం వచ్చినా పగడాల తొట్టిలో రాగి మందు వేయకూడదన్నది గుర్తుంచుకోండి, అది పగడాలనూ రొయ్యలనూ చంపేస్తుంది.

గోబీ గురించి నాకు తృప్తికరమైన జవాబు దొరకలేదు. అది దూకే చేపే గానీ, బొరియ వదలని చేప అని మీరే రాశారు.

పగడాలతోట:

నీలిఅల గారు ఆపిన చోట నేను అందుకుంటాను. ప్రశ్నలో ఒక పేరు శుభ్రం చేసే జీవాల వరుసలో నత్తల పక్కన చేరిపోయింది. ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్. దాన్ని నత్తలతో కలిపి లెక్కపెట్టకూడదండీ.

బ్రిటిల్ స్టార్‌లలో చాలా జాతులు నిజంగానే నిరపాయమైనవి. మిగిలిన మేత ఏరుకుని తింటాయి. ఆకుపచ్చది, ఓఫియరాక్నా ఇంక్రసాటా అనే జాతి, వేటాడుతుంది. చిన్నదిగా ఉన్నప్పుడు అదీ ముక్కలు ఏరుకుంటుంది, అందుకే దాన్ని శుభ్రం చేసే జీవమని అమ్ముతారు. పెరిగిన తరువాత రాత్రిపూట చేతుల కొనల మీద నిలబడి, నడిమి బిళ్ళను పైకెత్తి, చిన్న గొడుగులాంటి నీడను తయారు చేస్తుంది. పడుకోవడానికి చోటు వెతుక్కునే చేప అది రాతి గుహ అనుకుని కిందికి చేరుతుంది. చేతులన్నీ ఒక్కసారిగా మెలితిరిగి చుట్టుకుంటాయి, బిళ్ళ కిందికి దిగుతుంది, అడుగున ఉన్న నోరు తన పని చేసుకుపోతుంది. ఇసుక మీదో, రాతి అడుగునో నిద్రపోయే చేపలకే ప్రమాదం ఎక్కువ. మీ గోబీ పడుకునేది సరిగ్గా అక్కడే.

మీ స్టార్ ఇప్పుడు ఎంత ఉంది? అది పగలు ఎక్కడ దాక్కుంటుంది? దానికి విడిగా మేత వేస్తున్నారా? నడిమి బిళ్ళ ఒక పెద్ద గుండీ కంటే వెడల్పుగా ఉండి, మేత విడిగా దొరకకపోతే, నేనైతే ఆ రాతిని కాకుండా దీన్నే మొదట కాపలా కాస్తాను.

ముత్యపుచిప్ప:

పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. ప్రతి ఒక్కరి సూచనా ఏదో ఒక చోట నిజమైంది, అందుకే జరిగినది వరుసగా చెబుతాను.

మొదటి రాత్రి ఎర్రని వెలుతురులో ఆ రాయి ముందు గంటన్నర కూర్చున్నాను. రొయ్య ముక్క పెట్టిన పది నిమిషాలకు పురుగు బయటికి వచ్చింది. రెండు పక్కలా తెల్లని కుచ్చులు, మెరుపు లేదు, తలమీద ఐదు మీసాలు లేవు. దాని వెనకే అలాంటివే చిన్నవి మరో నాలుగు వచ్చాయి. మామూలు బ్రిస్టిల్ వార్మ్‌లే. చప్పుళ్ళు ఏమీ వినిపించలేదు, పగిలిన గుల్లలూ లేవు. ఇన్నాళ్ళూ నేను నిందించిన రాయికి ఈ వ్యవహారంతో సంబంధం లేదు.

మర్నాడు బల్లను గోడ నుంచి జానెడు జరిపి చూశాను. పైపులు దిగే మూలకు సరిగ్గా కింద, గోడవారగా, ఫైర్ ఫిష్ ఎండి కట్టెలా పడి ఉంది. వెన్నుమీది పొడవాటి రెక్క ముల్లు మాత్రం విరగకుండా నిటారుగా ఉంది. పైన వలకు, పైపుకు మధ్య ఖాళీ కొలిచాను, మూడు సెంటీమీటర్లు. పద్నాలుగు నెలలుగా ఆ ఖాళీని రోజూ చూస్తూనే ఉన్నాను.

ఓవర్‌ఫ్లో గది మీది మూత తీసి టార్చి వేస్తే మొదట ఏమీ కనిపించలేదు. పంపు ఆపి, నీటి మట్టం తగ్గిన తరువాత చూస్తే, పైపు వెనుక ఊదా, పసుపు రంగులు. రాయల్ గ్రామా! పొట్ట లోపలికి పోయి ఉంది, తోక రెక్క కొంచెం చిరిగింది, కానీ ప్రాణంతో ఉంది. చిన్న వలతో తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. నీలిఅల గారూ, ఆ ఒక్క వాక్యం మీరు రాయకపోతే నేను ఆ మూత తీసి ఉండేవాడిని కాదు.

బ్రిటిల్ స్టార్ కోసం మూడు రాత్రులు కాపలా కాశాను. కొన్నప్పుడు దాని బిళ్ళ చిటికెన వేలి గోరంత ఉండేది, ఇప్పుడు బొటనవేలి కొన కంటే వెడల్పు. విడిగా మేత ఏనాడూ వేయలేదు, అదే తిని శుభ్రం చేస్తుందని అనుకున్నాను. మొదటి రాత్రి అది రాయి కింద నుంచి రెండు చేతులు మాత్రం చాచింది. రెండో రాత్రి గోబీ బొరియ ఉన్న చోటే, పగడాలతోట గారు వర్ణించినట్టుగానే, ఐదు చేతుల మీద లేచి గుమ్మటంలా నిలబడింది. ఇరవై నిమిషాలు కొనలు కూడా కదల్లేదు. ఏమీ రాకపోవడంతో దిగిపోయింది. మూడో రాత్రి నేను చూడటానికి వెళ్ళేసరికే ఆలస్యమైంది. చేతులు తాడులా ఒకదాని మీద ఒకటి చుట్టుకుని ఉన్నాయి, బిళ్ళ ఉబ్బి ఉంది, అంచు కింద నుంచి మిగిలిన ఒక్క క్రోమిస్ తోక కనిపించింది. ముందటి రాత్రే దాన్ని తీసి ఉండవలసింది. ఇంకొక్క రాత్రి చూసి నిర్ధారించుకుందామనుకున్నాను, దానికి ఆ చేప మూల్యం చెల్లించింది.

పట్టడం కష్టం కాలేదు. చేతులు పట్టి లాగితే విరిగిపోతాయని చదివాను కాబట్టి, పక్కకు పడుకోబెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో రొయ్య ముక్క ఉంచి, దీపాలు ఆర్పి వదిలేశాను. గంటలో అదే డబ్బాలోకి వచ్చింది. ప్రస్తుతం సంప్‌లో విడిగా ఒక అరలో ఉంది, రెండు రోజులకొకసారి మేత వేస్తున్నాను. దానిమీద నాకు కోపం లేదు, అది దాని స్వభావం ప్రకారం బతికింది. దాన్ని కొనే ముందు చదవవలసినది నేను.

మొదటి రెండు క్రోమిస్‌లు ఒకదాన్నొకటి వేధించుకుని పోయాయా, స్టార్ తిన్నదా అన్నది ఇక తేలదు. గోబీ మాత్రం దానికే చిక్కిందని నమ్ముతున్నాను. మూలలోని ఖాళీని వలతో మూసి, ఓవర్‌ఫ్లో దువ్వెన మీదా అదే వల కట్టాను. గ్రామా రెండు రోజులుగా మేత నోటిలోకి తీసుకుని మళ్ళీ ఉమ్మేస్తోంది. దానికి ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా?

నీలిఅల:

గ్రామా దొరికినందుకు చాలా సంతోషం. ఉమ్మేస్తున్నదంటే తినాలన్న ఆసక్తి ఉన్నట్టే, ముక్క పెద్దదై ఉంటుంది. మైసిస్ రొయ్యలు కాకుండా వాటికంటే చిన్న మేత, సైక్లాప్స్ గానీ, అప్పుడే పొదిగిన ఆర్టీమియా గానీ, రోజుకు నాలుగైదుసార్లు చిటికెడు చొప్పున, ప్రవాహం ఆపి, దాని గుహ ముందు సన్న గొట్టంతో వదలండి. ఆ సమయంలో సిక్స్ లైన్‌కు తొట్టి రెండో చివర విడిగా మేత వేస్తే అది ఇటు రాదు. పొట్ట గుండ్రంగా కనిపించే వరకు, కనీసం నెల రోజులు, కొత్త చేపను దేన్నీ తేవద్దు.